ముందు కొనాల్సింది పుల్లీ కాదు

ఇంజన్ ప్రశ్నలు: పాఠకుల ఉత్తరాలకు అంబత్తూరు మేస్త్రి జవాబులు

ప్రశ్న: మేస్త్రిగారూ, నమస్తే. మాది సూళ్లూరుపేట, ఉండేది పెరంబూరులో. నా దగ్గర 2004 మోడల్ పాత బలేనో ఉంది, 1.6 లీటర్ల ఇంజన్. పుదుపేట పాత సామాన్ల బజారులో ఏదో విదేశీ కారు నుంచి తీసిన ఈటన్ ఎం45 సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని తోసే యంత్రం) దొరికితే కొని బిగించాను. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేదు. 6 పౌండ్ల బూస్టు (చదరపు అంగుళానికి అదనపు గాలి ఒత్తిడి) వస్తోంది. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద 402 మీటర్లు 16.1 సెకన్లలో పరిగెత్తాను. 13 సెకన్లకు దించాలని పట్టుదల. దాన్ని తిప్పే బెల్టుకి చిన్న పుల్లీ వేస్తే ఇంకా వేగంగా తిరిగి 14 పౌండ్లు వస్తుంది, 200 హార్స్‌పవర్ ఖాయం అంటున్నారు స్నేహితులు. రెండున్నర లక్షలు కూడబెట్టాను. ఏది ముందు కొనాలి?

జవాబు: నాయనా, నీ ఉత్తరం చదవగానే బల్ల మీదున్న పిస్టన్‌ని చేతిలోకి తీసుకున్నాను. ఇరవై ఏళ్ల నాటిది. ఎగ్జాస్టు వాల్వు వైపు అంచున చిటికెనవేలు దూరేంత కన్నం ఉంది. దాని చుట్టూ అల్యూమినియం కొవ్వొత్తి మైనంలా కారి గడ్డకట్టింది. రింగులు కూర్చునే మూడు గాళ్లూ ఆ పక్కన కరిగి ఒకటైపోయాయి. గూడూరు కుర్రాడొకడు నీలాగే చిన్న పుల్లీ వెయ్యమని వచ్చాడు. వేసిచ్చాను. గేజీలో ముల్లు ఎక్కుతుంటే ఇద్దరం సంబరపడ్డాం. పెట్రోలు పంపు మాత్రం కంపెనీదే ఉంచేశాను. ట్రాక్ మీద మూడో గేరులో ఇంజన్ చివరిదాకా తిరిగేసరికి పంపు అందించలేకపోయింది. నాలుగో సిలిండర్లో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువై, రెండే రెండు సెకన్లలో పిస్టన్ కరిగింది. ఆ రాత్రి కారును లారీ ఎక్కించి పంపేటప్పుడు ఆ పిల్లాడు నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు నాది. అప్పటినుంచి ఎవరొచ్చినా నాది ఒకటే మాట: పుల్లీ చివర కొను.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. కాగితం తీసుకో.

నీ ఇంజన్ 1590 సీసీ. నాలుగు స్ట్రోకులది కాబట్టి క్రాంకు (ఇంజన్ ప్రధాన ఇరుసు) ఒక్క చుట్టు తిరిగితే అందులో సగం, 795 సీసీ గాలి మింగుతుంది. ఎం45 తన ఒక్క చుట్టుకు 737 సీసీ గాలి తోస్తుంది. 6 పౌండ్లు వస్తోందంటే నీ పుల్లీల నిష్పత్తి 1.3 దగ్గర ఉండాలి. అంటే 795 పట్టే చోటికి 958 సీసీ తోస్తున్నావు. 14 పౌండ్లు కావాలంటే, సూపర్‌చార్జర్ లోపల తిరిగే రోటర్ల సందుల్లోంచి వెనక్కి జారేదీ, చల్లబడ్డాక తగ్గేదీ కలుపుకుని, దాదాపు 1550 సీసీ తోయాలి. ఎం45తో అది 2.1 నిష్పత్తి. ఇంజన్ నిమిషానికి 7000 చుట్లు తిరిగితే సూపర్‌చార్జర్ 14,700 తిరగాలి. ఆ సైజు ఈటన్‌ని నేను 14,000 దాటనివ్వను. అక్కడికి వెళ్లాక అది గాలిని కాదు, వేడిని పంప్ చేస్తుంది. అదే ఎం62 అయితే ఒక చుట్టుకు 1016 సీసీ. 1.53 నిష్పత్తి చాలు, 10,700 దగ్గర హాయిగా తిరుగుతుంది. కాబట్టి నీ స్నేహితులు చెప్పిన చిన్న పుల్లీ నీ సూపర్‌చార్జర్‌కి సరిపడదు. కావాల్సింది పెద్ద సూపర్‌చార్జర్, దానికి తగ్గ పుల్లీ. అదీ ఆఖరున.

ఇప్పుడు వేడి సంగతి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. చెన్నైలో 35 డిగ్రీల గాలిని 6 పౌండ్లకు నొక్కితే దాదాపు 90 డిగ్రీలవుతుంది. 14 పౌండ్లకు నొక్కితే 150 చేరుతుంది. అంత వేడి గాలిలో పెట్రోలు కలిస్తే, ప్లగ్గు వెలిగించిన మంట చేరకముందే సిలిండర్ మూలల్లో మిగిలిన మిశ్రమం తనంతట తానే అంటుకుంటుంది. నాకింగ్ అంటే అదే. ఎగ్జాస్టు మోతలో అది నీకు వినపడదు. పరుగు అయిపోయాక ప్లగ్గు విప్పి భూతద్దంలో చూడు. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు, వాటి మధ్య మెరిసే వెండి గింజలు కనిపిస్తే, ఆ వెండి నీ పిస్టన్. ఆ రోజుకి కారు ట్రైలర్ ఎక్కాల్సిందే.

నీళ్లతో చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెడితే ఆ 150 డిగ్రీలు 70కి దిగుతాయి. డిక్కీలో నీళ్ల డబ్బా పెట్టి ఐసు వేస్తే ఇంకా దిగుతుంది. ఎంత ఐసు అని భయపడకు. నీ ఇంజన్ పూర్తి వేగంలో నిమిషానికి 9 కిలోల గాలి పీలుస్తుంది. దాన్ని 80 డిగ్రీలు చల్లబరచాలంటే 12 కిలోవాట్ల వేడి లాగాలి. 15 సెకన్ల పరుగుకి 180 కిలోజౌళ్లు. కిలో ఐసు కరగడానికి 334 కావాలి. అంటే పరుగుకి అర కిలో ఐసు! కాశిమేడులో చేపలవాళ్లు వాడే ఐసు పది కిలోలు థర్మోకోల్ పెట్టెలో తెచ్చుకుంటే రోజంతా గడుస్తుంది. వీధుల్లో తిరిగే కారుకి ఇది పనికిరాదు కానీ పావుమైలు పరుగుకి ఇంతకంటే చవకైన హార్స్‌పవర్ నాకు తెలియదు.

పెట్రోలు. ఇంజన్ దగ్గర 180 హార్స్‌పవర్ అనుకుందాం. సూపర్‌చార్జర్ ఇంజన్‌కి నిమిషానికి 1100 సీసీ పెట్రోలు కావాలి. నాలుగు ఇంజెక్టర్లకు పంచితే ఒక్కోదానికి 275. ఇంజెక్టరు నూటికి 80 పాళ్ల సమయానికి మించి తెరిచి ఉండకూడదు కాబట్టి 345 సీసీది కావాలి. ఇథనాలు కలిసిన పెట్రోలుకి ఇంకో ఏడెనిమిది శాతం కలుపు. 440 సీసీ కొనుక్కుంటే నిశ్చింత. నీ బండికి ఉన్నవి 94 హార్స్‌పవర్‌కి కొలిచి పెట్టినవి. పంపు కూడా మార్చు. పెట్రోలు ఒత్తిడిని సర్దే రెగ్యులేటరు గొట్టం సూపర్‌చార్జర్ దాటాక, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డు మీద ఉండాలి. ఎందుకంటే మానిఫోల్డులో 14 పౌండ్ల ఒత్తిడి ఎదురు తోస్తుంటే ఇంజెక్టరు దాన్ని దాటి చిమ్మాలి కదా. బూస్టు ఎంత పెరిగితే పెట్రోలు ఒత్తిడీ అంతే పెరగాలి. గూడూరు బండికి నేను ఆ గొట్టం సరిగానే పెట్టాను. పంపుకే దమ్ము లేకపోయింది.

కంపెనీ ఈసీయూతో (ఇంజన్‌ని నడిపే కంప్యూటరు) ఈ పని కాదు. బూస్టు చదివే మ్యాప్ సెన్సరు, గాలి, పెట్రోలు నిష్పత్తి చెప్పే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సరు, ట్యూన్ చేసుకునే ఈసీయూ, ఈ మూడూ నీ మొదటి కొనుగోలు. నీ 6 పౌండ్ల మీదే వీటిని పెట్టి నడుపు. పూర్తి బూస్టులో గాలి, పెట్రోలు నిష్పత్తి 11.5, 11.8 మధ్య ఉంచు. టైమింగ్ (ప్లగ్గు నిప్పు ఇచ్చే సమయం) పౌండుకి ఒక డిగ్రీ చొప్పున వెనక్కి తీసి మొదలుపెట్టి, డైనో (శక్తి కొలిచే యంత్రం) మీద కొద్దికొద్దిగా ముందుకు తెచ్చుకో. ప్లగ్గు ఒక మెట్టు చల్లటిది వేసి, సందు 0.6 లేదా 0.7 మిల్లీమీటర్లకు తగ్గించు. ఒత్తిడి పెరిగితే నిప్పు పెద్ద సందు దాటలేదు, ఇంజన్ తుమ్ముతుంది.

ఇంజన్ లోపలికి వద్దాం. పోత పిస్టన్లతో 7, 8 పౌండ్లు దాటకు. ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా లోహాన్ని నొక్కి చేసిన) పిస్టన్లు, రాడ్లు వేసుకో. నీ డబ్బులో సగం దీనికే పోతుంది, పోనీ. కంప్రెషన్ (పిస్టన్ మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) 8.5కి దించాలి. అయితే రెండు హెడ్ గ్యాస్కెట్లు ఒకదాని మీద ఒకటి వేసి దించమని ఎవరైనా చెబితే వినకు. పిస్టన్ అంచుకీ హెడ్డుకీ మధ్య సందు పెరిగితే అక్కడ నిలిచిన మిశ్రమం కలియదు, కదలదు. నాకింగ్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. కంప్రెషన్ దించాల్సింది పిస్టన్ తల గుంట లోతుతో, సందు మిల్లీమీటరు దగ్గరే ఉండాలి.

ఒక్క పని మాత్రం ఎవరికీ అప్పగించకుండా నువ్వే దగ్గర కూర్చుని చేయించుకో. పై రింగుని ఒట్టి బోరులో పెట్టి, పిస్టన్‌ని తిరగేసి దాంతో అంగుళం లోపలికి తిన్నగా తోయి. రింగు రెండు కొసల మధ్య ఫీలర్ గేజి (సందు కొలిచే సన్న రేకు) పెట్టు. 75 మిల్లీమీటర్ల బోరుకి, సూపర్‌చార్జర్ పనికి, 0.42 నుంచి 0.45 మిల్లీమీటర్లు ఉండాలి. పిస్టన్‌తో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించు. ఆ రేకు కొంచెం పట్టి పట్టనట్టు, వెన్నలో కత్తిలా జారాలి. బిగుతుగా ఉంటే సన్న ఆకురాయితో ఒక కొసనే, బయటి నుంచి లోపలికే రాసుకుంటూ రావాలి. నాలుగు సార్లు రాయి, ఒకసారి కొలువు. నాలుగు సిలిండర్లకు ఒక సాయంత్రం పడుతుంది. ఈ పని తొందరగా ముగిస్తే ఏమవుతుందంటే, వేడికి రింగు సాగి కొసలు ఢీకొంటాయి, రింగు గాడి అంచుని పెళ్లగిస్తుంది. అప్పుడు అందరూ ‘ట్యూనింగ్ తప్పు’ అంటారు.

రెడ్‌లైన్ (ఇంజన్‌ని తిరగనిచ్చే గరిష్ఠ వేగం) 7000 దాటించకు. నీ ఇంజన్ స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, పొడుగు స్ట్రోకు. 7000 దగ్గరే పిస్టన్ సగటున సెకనుకి 21 మీటర్లు పరిగెడుతోంది. అది చాలు.

ఇక నీ అంకెలు. ఇంజన్ దగ్గర 170, 180 వస్తుంది, 200 కాదు. ఎందుకంటే ఆ 9 కిలోల గాలిని నొక్కి వేడెక్కించడానికే 17 కిలోవాట్లు, అంటే 23 హార్స్‌పవర్ క్రాంకు నుంచి బెల్టు లాక్కుంటుంది. చక్రాల దగ్గర 150 మిగిలితే, నీతో కలిపి 1040 కిలోల కారు 14.5 సెకన్లకు వస్తుంది. 13 కావాలంటే చక్రాల దగ్గరే 200 పైన ఉండాలి, రెండున్నర లక్షల్లో ఆ ఇంజన్ కట్టలేం. నీకు అబద్ధం చెప్పలేను. కానీ ఇది చూడు: కారులోంచి 50 కిలోలు తీస్తే పావు సెకను దిగుతుంది. వెనక సీటు, స్టెప్నీ, జాకీ, ఏసీ కంప్రెసర్, డోర్ల లోపలి రేకులు. ఖర్చు రూపాయి లేదు, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

ఇంకోటి, ముందు చక్రాల బండి. క్లచ్ వదలగానే బరువు వెనక్కి పోతుంది, ముందు టైర్లు నేలను పట్టుకోవు. బూస్టు రెట్టింపు చేస్తే పొగ రెట్టింపవుతుంది. మొదటి 60 అడుగుల్లో పదోవంతు సెకను మిగిల్చుకుంటే చివర్లో పదోవంతున్నర మిగులుతుంది. కాబట్టి మంచి మెత్తటి టైర్లు, గట్టి క్లచ్ ప్లేటు ఇంజన్ ఫోర్జింగు కంటే ముందే కొన్నా నేను తప్పనను. మొదటి గేరులో బూస్టు తగ్గించి, రెండో గేరు నుంచి పూర్తిగా వదిలేలా, బూస్టుని పక్కకి మళ్లించే బైపాస్ వాల్వుని ఈసీయూ చేతికిస్తే ఇంకా మంచిది.

వరుస అడిగావు కదా: ఈసీయూ, వైడ్‌బ్యాండ్, పంపు, ఇంజెక్టర్లు. తర్వాత ఇంటర్‌కూలర్. తర్వాత టైర్లు, క్లచ్. వీటితోనే ఒక సీజను నడుపు. 16.1 ఎక్కడికి దిగిందో నాకు రాయి. పిస్టన్లు, ఎం62, పుల్లీ వచ్చే ఏడాది.

ప్రశ్న: మేస్త్రిగారికి నమస్కారం. చూళైమేడు నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి బండి ఇంజన్ మార్పించి రాత్రిళ్లు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు స్నేహితులతో పందేలకు వెళుతున్నాడని తెలిసింది. నిద్ర పట్టడం లేదు. తిడితే వినడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ బాధ నాకు తెలుసు. నాకూ ఇద్దరు కొడుకులు.

నాకు పదేళ్లప్పుడు మా నాన్న రెడ్‌హిల్స్‌లో లారీ మెకానిక్కు. నెల్లూరు రోడ్డు మీద షోళవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉండేది. దాని మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు పందేలు పెట్టేవాళ్లు. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించాడు. ఆ మోత నా ఎముకల్లో అప్పుడు దిగింది, ఇప్పటిదాకా పోలేదు. మీ అబ్బాయికీ అదే పట్టుకుంది. తిట్టినందువల్ల అది పోదు. దానికి సరైన చోటు చూపించాలి.

1990లో అదే క్లబ్బు శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ కట్టింది. డ్రాగ్ పందేలు అక్కడ జరుగుతాయి. ఎదురుగా లారీ రాదు, కుక్క అడ్డం పడదు, చివర ఆగడానికి చోటుంది, అంబులెన్సు నిలబడి ఉంటుంది. ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలోని మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య) లైసెన్సు తీసుకోవాలి, హెల్మెట్ పరీక్షిస్తారు, బండిని తనిఖీ చేస్తారు. రోడ్డు మీద పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. ఆర్టీవో అనుమతి లేకుండా ఇంజన్ మార్చడం 52వ సెక్షన్‌కి విరుద్ధం. అబ్బాయికి చట్టం చెప్పకండి, నా పేరు చెప్పండి. ఆదివారం పొద్దున షెడ్డుకి రమ్మనండి. అతని బండి మీద నేను చెయ్యి వేస్తాను, ఒకే షరతు మీద: బండి నా షెడ్డు నుంచి ట్రాక్‌కి ట్రైలర్ మీదే వెళ్లాలి. మీరూ రండి. ఒక్కసారి మీ కళ్లతో ఆ పరుగు చూస్తే అతను దేని వెంట పడుతున్నాడో మీకు తెలుస్తుంది.

ప్రశ్న: గిండీలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. టర్బో వ్యర్థమయ్యే ఎగ్జాస్టుతో తిరుగుతుంది కదా. క్రాంకు శక్తిని తినే సూపర్‌చార్జర్‌ని డ్రాగ్ పందేల్లో ఇంకా ఎందుకు వాడుతున్నారు?

జవాబు: మంచి ప్రశ్న బాబూ. పందెం లైటు వెలిగాక మొదటి సెకనులోనే సగం తేలిపోతుంది. బెల్టుతో తిరిగేది క్రాంకుతో పాటే లేస్తుంది, ఎగ్జాస్టు కోసం కాచుకోదు. ఇప్పటి టర్బోలు లాంచ్ కంట్రోల్‌తో (కదలకముందే బూస్టు సిద్ధం చేసే ఏర్పాటు) ఆ తేడాను చాలావరకు పూడ్చాయి. పొదుపు లెక్కలో నువ్వే గెలుస్తావు.

ఈ యంత్రం పుట్టుక ఇంజన్ల కోసం కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం కానర్స్‌విల్‌లో రూట్స్ అన్నదమ్ములు 1860లో దీనికి పేటెంటు తీసుకున్నారు. కొలుములకూ గనులకూ గాలి ఊదడానికి వాడారు. అందుకే ఇది గాలిని లోపల నొక్కదు, ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మోసుకెళ్లి వదిలేస్తుంది. నొక్కుడంతా మానిఫోల్డులో, వెనక్కి తన్నుకొచ్చే గాలి వల్ల జరుగుతుంది. వేడెక్కడానికి అసలు కారణం అదే. తర్వాత జనరల్ మోటార్స్ రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజన్ల మీద ఇది వచ్చింది. 6-71 అంటే 6 సిలిండర్లు, ఒక్కోటి 71 ఘనపు అంగుళాలు. అమెరికా కుర్రాళ్లు పాత లారీల నుంచి దాన్ని ఊడదీసి తమ పెట్రోలు ఇంజన్ల నెత్తిన పెట్టారు. మన పుదుపేట పనే అది. ఇప్పటి ఈటన్ టీవీఎస్ రకంలో (మన టీవీఎస్ కంపెనీ కాదు) రోటరుకి నాలుగు రెక్కలు, 160 డిగ్రీల మెలిక. ఎం45, ఎం62ల్లో మూడు రెక్కలు, 60 డిగ్రీలు. ఆ మెలిక వల్లే తన్నుడు తగ్గి గాలి కొంచెం చల్లగా వస్తుంది. ఒక శనివారం వచ్చి విప్పి చూడు, పుస్తకంలో బొమ్మ కంటే త్వరగా అర్థమవుతుంది.

ప్రశ్న: పాత ఎం62 ఒకటి అమ్మకానికి వచ్చింది. ఏం చూసి కొనాలి? (వ్యాసర్‌పాడి)

జవాబు: పుల్లీని చేత్తో తిప్పండి. నూనెలో తిరిగినట్టు ఒకే బరువుతో తిరగాలి. ఎక్కడైనా పట్టుకుంటే వద్దు. పుల్లీని అటూ ఇటూ చిన్నగా కదిపితే టకటకమంటే ముక్కులోని ప్లాస్టిక్ కప్లింగ్ అరిగింది. అది చవక, మార్చుకోవచ్చు. టార్చి వేసి రోటర్ల మీద పూత చూడండి. పూత అక్కడక్కడ రాలినా పరవాలేదు కానీ గోరు తగిలేంత గీత ఉంటే లోపలికి ఏదో బోల్టు పోయిందన్నమాట, వదిలేయండి. నూనె మూత విప్పి వాసన చూడండి. ఈ నూనెకి సహజంగానే కుళ్లు వాసన, దానికి కంగారు పడొద్దు. వేలి మీద వెండి పొడి అంటుకుంటే మాత్రం గేర్లు పోయాయి.

బిగించాక మొదటి పది పరుగుల తర్వాత బెల్టు చుట్టూ నల్లటి పొడి కోసం చూడండి. ఉందంటే బెల్టు జారుతోంది. బిగించేయకండి, క్రాంకు బేరింగు పోతుంది. చిన్న ఐడ్లరు (బెల్టుని మళ్లించే చక్రం) పెట్టి పుల్లీ చుట్టూ బెల్టు ఇంకొంచెం చుట్టుకునేలా చేయండి.